ఒకే మేకు, రెండు బిళ్ళలు

మా అమ్మ తన తమ్ముడింటికి కూర పంపితే ఆ గిన్నె కడక్కుండానే తిరిగొచ్చేది. మావ ఇంటినుంచి మాకొచ్చిన గిన్నె కూడా అంతే, అడుగున పులుసు ఎండిపోయి వెళ్ళేది. పక్కింటివాళ్ళ గిన్నె అయితే శుభ్రంగా తోమి, ఉత్తి గిన్నె ఇవ్వకూడదని ఓ చిటికెడు పంచదార వేసి మరీ పంపాలి. సొంతవాళ్ళ దగ్గర ఆ మర్యాదలేవీ ఉండకూడదు. "కడిగిచ్చినామంటే పరాయోల్లం అయిపోయినట్టే" అనేది అమ్మ. ఈ సిద్ధాంతమంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్ళుమంట. ఆ ఎండిన గిన్నెలు తోమేది నేనే మరి.

రెండేళ్ళ కిందటి చింతపండు సీజన్ గురించి చెబుతున్నాను. మాది సాలూరు. ఊళ్ళో మనుషులకంటే లారీలు ఎక్కువని బయటివాళ్ళు వెక్కిరిస్తారు, మాకది పొగడ్తలాగే వినబడుతుంది. మా నాన్న నరసింగరావుకి ఒక లారీ, మా మావ జగన్నాధానికి ఒక లారీ. రెండూ ఒకే ఏడు కొన్నవి. సుంకి ఘాటీ కొండరోడ్డు ఎక్కినా దిగినా ఒకదాని వెనక ఒకటి వెళ్ళాల్సిందే, ఒకదానికి టైరు పేలితే రెండోది ఆగాల్సిందే. ఇది బావా బావమరుదులు పెట్టుకున్న కట్టుబాటు. మా డ్రైవరు అబ్రహాం, మావ డ్రైవరు జేమ్స్ ఒకే చర్చికి వెళ్ళే స్నేహితులు కూడా కావడంతో ఆ కట్టుబాటు ఎన్నడూ తప్పలేదు.

నాన్న లారీ ఓనర్ల సంఘానికి సెక్రటరీ. సంఘం ఆఫీసు గోడకి ఒక టేకు బల్ల, ఆ బల్లకి వరసగా మేకులు ఉండేవి. ప్రతి లారీకీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి. ఊరికి తిరిగొచ్చిన డ్రైవరు తన బిళ్ళని వరసలో ఖాళీగా ఉన్న మేకుకి తగిలిస్తాడు. లోడు వచ్చినప్పుడు ముందు మేకు మీద ఎవరి బిళ్ళ ఉంటే ఆ లోడు వాళ్ళది. ఆ బల్ల పక్కన కుర్చీలో నాన్న ఇరవై ఏళ్ళకి పైగా కూర్చున్నాడు. ఒకసారి మా అత్తకి ఆపరేషనైతే, మావ తన బిళ్ళని కాస్త ముందుకి జరపమని బతిమాలాడు. నాన్న వినలేదు. ముందున్న తన బిళ్ళే తీసేసి ఆ మేకు మావకి ఇచ్చి, తను వరసలో ఆఖరికి పోయాడు. మధ్యలో ఉన్నవాళ్ళ బిళ్ళల్ని మాత్రం వేలితో కూడా ముట్టుకోలేదు.

ఆ బిళ్ళల పద్ధతిని మార్చింది మావ కొడుకు ఉమాశంకర్. నాకంటే చిన్నవాడు, నన్ను వదినా అంటాడు, హైదరాబాదులో ఉద్యోగం. సంఘానికి ఉచితంగా ఒక వెబ్ సర్వర్ రాసిచ్చాడు. డ్రైవరు ఊళ్ళోకి రాగానే ఫోనులో బొత్తాం నొక్కితే చాలు, వరసలో వంతు పడి, నంబరు మెసేజులో వస్తుంది. ఆఫీసులో ఓ కంప్యూటరు పెట్టారు. సంఘం వాడికి శాలువా కప్పింది, మావ వీధి వీధికీ మిఠాయి పంచాడు. నాన్న బిళ్ళలన్నీ గోనెసంచిలో పోసి బీరువా అడుగున పెట్టాడు. మేకుల బల్లని మాత్రం గోడ మీంచి తియ్యనివ్వలేదు. "సొక్కా తగిలించుకోడానికి పనికొస్తాది, ఒగ్గీండి" అన్నాడు.

నా పేరు శైలజ. విశాఖపట్నంలో ఒక కంపెనీలో పనిచేస్తాను. ఆ వేసవి ఇంటినుంచే పని. సర్వర్లు ఎందుకు పడిపోతున్నాయో, ఎందుకు ఉన్నట్టుండి తప్పుడు జవాబులు చెబుతున్నాయో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. అమ్మ చుట్టాలకి "మా శైలు మిషన్ల డాక్టరు" అని చెప్పుకునేది. ఊళ్ళో సర్వర్ ఒకటి నడుస్తూ, ఇంట్లో డాక్టరు ఒకతె ఉండి కూడా మా ఇల్లు అలా అయిపోయిందంటే నాకు ఇప్పటికీ నామీద నాకే ఉక్రోషం.

మొదటిసారి అది జరిగినప్పుడు అందరం నవ్వుకున్నాం. మావ సాయంత్రం జేమ్స్ ఫోను పట్టుకుని వచ్చాడు.

"బావా, ఇది సూడు. ఏడో వంతు నాదని మెసేజొచ్చింది. తీరా ఏడో లోడు నీ బండెక్కీసింది. మా జేమ్సుగోడు ఎర్రిమొకం ఏసుకోని నిలబడ్డాడు."

నాన్న ఫోనుని దూరంగా పట్టుకుని చదివాడు. "నీ కొడుకు రాసిన మిషను కదరా, నన్ను మావనుకోని ముందు మర్యాద సేసినట్టున్నాది. పోనీలే, వచ్చేపాలి నా వంతు నువ్వు తీసుకో."

మావ పడీ పడీ నవ్వాడు. అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది.

రెండోసారి మావ ఇంటికి రాలేదు, ఆఫీసులోనే నాన్నని అడిగాడు. మూడోసారి నలుగురి ముందూ అడిగాడు. ప్రతిసారీ ఒకటే తంతు. జేమ్స్ ఫోనుకి వంతు నంబరు వస్తుంది. కంప్యూటర్లో ఆ నంబరు ఎదురుగా మా లారీ ఉంటుంది. మావ లారీ వరసలో ఎక్కడా ఉండదు, ఊళ్ళోకి రానేలేదన్నట్టు ఉంటుంది. సీజన్లో చింతపండు లోడు చేజారితే మళ్ళీ ఎన్నాళ్ళు కూర్చోవాలో సాలూరులో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు.

టీ కొట్టు దగ్గర మాటలు మొదలయ్యాయి. పోయేది ఎప్పుడూ జగన్నాధం వంతే, వచ్చేది ఎప్పుడూ సెక్రటరీ బండికే. కంప్యూటరు గది తాళం ఎవరి దగ్గరుంది? కంచే చేను మేస్తే ఎవులేటి సేత్తారు? నాకు వినబడాలనే అన్నట్టుగా అనేవాళ్ళు. నాకు నోటిదురుసు ఎక్కువ, అయినా అవతల ఉన్నవాళ్ళందరూ చిన్నప్పుడు నన్ను లారీ క్యాబిన్లో ఎక్కించుకుని తిప్పినవాళ్ళే. వినబడనట్టే వచ్చేశాను.

ఉమాశంకర్‌కి ఫోను చేశాను.

"నా దగ్గర బానే నడుస్తంది వదినా" అన్నాడు.

మా వృత్తిలో ఈ మాట వినని వారం ఉండదు. "నీ దగ్గర నువ్వొక్కడివే నొక్కుతావురా. ఇక్కడ ఊరంతా నొక్కుతాది. నీ కోడ్ పంపు, ఓసారి చూస్తాను."

"కోడ్లో ఏటీ లేదు వదినా. అక్కడేటి జరుగుతన్నాదో నాన్న సెప్పాడులే."

ఆ చివరి మాటకి నాకు ఒళ్ళు మండిపోయి ఫోను పెట్టేశాను.

కోడ్ లేకపోయినా చెయ్యగలిగిన పని ఒకటుంది. సర్వర్ తను వేసే ప్రతి అడుగునీ ఒక ఫైల్లో రాసుకునేలా పెట్టవచ్చు. ఎవరు నొక్కారు, ఏ క్షణంలో నొక్కారు, ఏ నంబరు ఖాళీగా కనిపించింది, ఎవరి పేరు రాసింది, అన్నీ. ముందు నా ఫోనులోంచి ఒకసారి నాన్న లారీ పేరుతో, ఒకసారి మావ లారీ పేరుతో నొక్కి చూశాను. ఎన్నిసార్లు నొక్కినా సరిగ్గానే వంతులు పడ్డాయి. అప్పుడు ఆ రాతలు మొదలుపెట్టి, రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆఫీసులో కూర్చున్నాను.

రాతలు మొదలయ్యాయో లేదో, జబ్బు మాయమైపోయింది. డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పిలాగా, రెండు లారీలకీ పక్కపక్క నంబర్లు చక్కగా పడ్డాయి. ఆ తర్వాతి ట్రిప్పుకీ అంతే. నాకు సంతోషం బదులు చిరాకేసింది. కళ్ళముందు కనిపించని తప్పుని ఎవరు మాత్రం పట్టుకోగలరు?

ఊరికి మాత్రం సంగతి తేలిపోయింది. "కూతురు కాపలా కూకుంది, దొంగతనం ఆగింది" అన్నారు. ఇంటిదొంగని ఈశ్వరుడు పట్టలేకపోయినా సొంత కూతురు పట్టిందని ఒకాయన నా భుజం తట్టి మెచ్చుకున్నాడు కూడా. నేను ఆయన చెయ్యి తోసేశాను.

ఆ వారంలోనే అమ్మ మావ ఇంటికి మామిడికాయ పప్పు పంపింది. గిన్నె తిరిగొచ్చింది. అమ్మ దాన్ని సింకులో వెయ్యబోయి ఆగిపోయింది. తళతళా మెరుస్తోంది. అడుగున చిటికెడు పంచదార.

"మీ అత్త మర్సిపోయి కడిగీసుంటాది" అంది అమ్మ, నేనేమీ అడక్కుండానే. ఆ పంచదార ఏం చెయ్యాలో తెలియనట్టు గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడింది. అమ్మకి తోడబుట్టినవాడంటే మావ ఒక్కడే. అమ్మానాన్నలు పోయాక తన చేతులమీద పెంచింది. ఆ రోజునుంచి అమ్మ కళ్ళలో ఒక బెదురు చేరింది, కూర్చున్నచోట కూర్చోలేకపోయేది.

తర్వాత సర్వర్ మొత్తానికే ఆగిపోయింది. అది నేను ఊహించి ఉండవలసింది. అడుగడుగునా రాసుకోవడంతో ఆ పాత కంప్యూటర్లో చోటు నిండిపోయింది. పొద్దున్నుంచీ లారీలు రోడ్డు పొడుగునా నిలబడిపోయాయి, డ్రైవర్లు ఆఫీసు ముందు కేకలు. నాన్న చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆ రాతలు ఆపీయే శైలూ. బళ్ళు కదలాల ముందు. బిళ్ళలున్నప్పుడు ఎవులు రాసినారు?"

నలుగురూ వింటుండగా అన్నాడు. నేను ఆపేశాను. సర్వర్ లేచింది. లారీలు కదిలాయి.

ఆ వెంటనే మావ లారీ మళ్ళీ వరసలోంచి మాయమైంది, మెసేజు వచ్చిన నంబరు మీద మా లారీ ఉంది.

మావ మిట్టమధ్యాహ్నం వచ్చాడు. నాన్న లోపల అన్నం తింటున్నాడు. మావ గుమ్మం బయటే చెప్పులతో నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మా ఇంటికొచ్చి గుమ్మం దాటకపోవడం నేను చూడలేదు.

"లోపలికి రా మావా" అన్నాను.

"వద్దమ్మా. అప్పా, ఓపాలి ఇలగ రా."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. మావ గొంతు పెద్దది చెయ్యలేదు, అలా చేసినా బాగుండేది.

"శైలు కాపలా ఉన్నన్నాళ్ళూ నా వంతు నాకొచ్చింది. బావ ఆ రాతలు ఆపీమన్నాడు. ఆపీగానే మల్లీ నా వంతు పోయింది. నానేటనుకోవాల అప్పా? నాను బావని అడగలేను. ఆడు నా బిళ్ళ కోసం ఆడి బిళ్ళ తీసినోడు. నానెలగ అడుగుతాను? నువ్వడుగు." కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అమ్మ వెనక్కి వచ్చి నాన్న కంచం ముందు నిలబడింది. చారు వడ్డిస్తుందనుకున్నాను.

"ఇదిగో, నిజం సెప్పు. మా తమ్ముడి వంతు నువ్వు గాని తీసినావేటి?"

నాన్న ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తి అమ్మని చూశాడు. నాన్నకి కోపమెక్కువ, ఘాటీలో అడ్డమొచ్చినవాణ్ణి లారీ దిగి మరీ తిట్టే మనిషి. కంచం విసిరేస్తాడనుకున్నాను. విసరాలనే కోరుకున్నాను.

"లేదు" అన్నాడు.

ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కంచంలో ఉన్నదంతా మెల్లగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని, సంఘం ఆఫీసు తాళాలు తీసుకెళ్ళి ప్రెసిడెంటుకి ఇచ్చేసి వచ్చాడు. గజపతినగరంలో తన స్నేహితుడికి లారీలు తూచే కాటా ఉంది, మనిషి కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడట. "నాలుగు రోజులుండి వస్తాను" అని నాతో చెప్పి, సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నాన్న వంటింటివైపు చూడలేదు.

ఆ రోజు నేను అమ్మని అనరాని మాటలన్నాను. "అడక్కపోతే మా తమ్ముడు పోతాడనుకున్నానే" అని మాత్రం అంది.

నాలుగు రోజులు పోయి వారాలయ్యాయి. నాన్న రాలేదు. మావ వంతు అప్పుడూ పోతూనే ఉంది, సెక్రటరీ పోతూ పోతూ మిషన్లో ఏదో పెట్టిపోయాడని ఊరు సరిపెట్టుకుంది. నాకు ఒకటే పట్టుదల వచ్చింది. ఆ తప్పుని పట్టుకుంటే నాన్న మచ్చ పోతుంది, మచ్చ పోతే నాన్న వస్తాడు. ఇందులో నాకు అనుమానమే లేదు. కంపెనీకి సెలవు పెట్టి ఆఫీసు అరుగు మీద మకాం వేశాను.

ఒక మధ్యాహ్నం ఘాటీ దిగి రెండు లారీలూ వచ్చాయి, ముందు మాది, వెనక మావది. ఇళ్ళు విడిపోయినా డ్రైవర్లు కట్టుబాటు తప్పలేదు. అబ్రహాం, జేమ్స్ దిగి కుళాయి దగ్గర మొహాలు కడుక్కున్నారు. చెరో ఫోను తీసి భుజం భుజం ఆనించి నిలబడ్డారు.

"సిద్ధమేనేటి?" అన్నాడు అబ్రహాం.

"కానీ" అన్నాడు జేమ్స్.

"ఒకటీ, రెండూ, మూడూ!"

ఇద్దరూ కలిసి నొక్కారు. నేను అరుగు మీంచి లేచిపోయాను.

"ఏం చేస్తన్నారన్నా?"

"వంతు ఏసుకుంటన్నామమ్మా" అన్నాడు అబ్రహాం.

"ఒకేసారా?"

"ఎప్పుడూ ఇలగే కదా. బిళ్ళలున్నప్పుడు ఓపాలి ఈడు ముందు, ఓపాలి నాను ముందు తగిలించీవోల్లం. ఫోనొచ్చినాక మీ నాన్నా మీ మావా పిలిసి సెప్పినారు, 'మా రెండు బళ్ళకీ ముందూ ఎనకా వద్దురా, ఒకేపాలి నొక్కీండి' అని."

జేమ్స్ ఫోను మోగింది, అతని వంతు తొమ్మిది. గదిలోకి పరిగెత్తి చూశాను. తొమ్మిది ఎదురుగా మా లారీ ఉంది.

సర్వర్ లోపల ఉండేది ఒక్క గుమస్తా కాదు. ఒకేసారి ఎంతమంది వచ్చినా పని జరగాలని చాలామంది గుమస్తాలు ఉంటారు, వాళ్ళని మేం థ్రెడ్లంటాం. జేమ్స్ నొక్కగానే ఒక గుమస్తా వరస చూసి తొమ్మిది ఖాళీ అనుకున్నాడు. పేరు రాయకుండా ముందు మెసేజు పంపడానికి వెళ్ళాడు. ఆ కాసేపట్లో అబ్రహాం తాలూకు గుమస్తా వచ్చి చూస్తే తొమ్మిది ఇంకా ఖాళీగానే ఉంది. మొదటివాడు తిరిగొచ్చి మావ లారీ పేరు రాశాడు, రెండోవాడు దానిమీదే మా లారీ పేరు రాశాడు. రెండో రాత నిలిచింది, మొదటిది చెరిగిపోయింది. జేమ్స్‌ది కొత్త ఫోను, వేగం. అబ్రహాం దగ్గరున్నది నాన్న పాత ఫోను, ఎప్పుడూ అడుగు వెనకే. అందుకే చెరిగింది ఎప్పుడూ మావ పేరే. ఊళ్ళో ఇంకే రెండు లారీలూ ఇలా లెక్కపెట్టి కలిసి నొక్కవు. నేను రాతలు పెట్టినప్పుడేమో గుమస్తాలందరూ ఒకే ఫైల్లో రాయడానికి ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు, దాంతో రెండోవాడు వచ్చేసరికి మొదటి పేరు పడిపోయి ఉండేది. నా కాపలాయే వాళ్ళని వరసలో నిలబెట్టింది. దాన్నే ఊరు నాన్న దొంగతనానికి సాక్ష్యంగా పట్టుకుంది.

ఉమాశంకర్‌కి ఫోను చేశాను. "ఒరే, ఖాళీ చూడ్డానికీ పేరు రాయడానికీ మధ్య తాళం వేశావా? ఒకడు చూస్తన్నప్పుడు రెండోవాడు చూడకుండా?"

"తాళమా?" అన్నాడు. కీబోర్డు చప్పుడు వినబడింది. "ముందు మెసేజు పంపిస్తన్నాను వదినా... ఆనక రాస్తన్నాను..." అని పైకి చదువుకున్నాడు. "మీ నాన్నకి నా మొకం ఎలగ సూపించాల?"

నాకు వాడి మీద కోపం రావాలి. రాలేదు. కోడ్ వెంటనే పంపాడు. నేను పెట్టిన తాళం నాలుగు వరసలు కూడా లేదు.

మర్నాడు సంఘం మీటింగు పెట్టించాను. బీరువాలోంచి గోనెసంచి తీయించి, అబ్రహాం చేతికి మా బిళ్ళ, జేమ్స్ చేతికి మావ బిళ్ళ ఇచ్చాను. ఒకే మేకుకి ఒకేసారి తగిలించమన్నాను. ఇద్దరూ చెయ్యి చాచారు, వేళ్ళు కొట్టుకున్నాయి, జేమ్స్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అదీ సంగతి" అన్నాను. "ఇక్కడ చేతికి చెయ్యి తగుల్తాది. మిషన్లో తగల్లేదు. ఒకే మేకుకి రెండు బిళ్ళలు పడ్డాయి, కిందది కనబడలేదు. ఎవరూ తియ్యలేదు." తర్వాత గదిలో ఉన్న ఫోన్లన్నిటితో ఒకేసారి నొక్కించాను. అందరికీ వేరువేరు నంబర్లొచ్చాయి. ఆనాటినుంచి ఆ సర్వర్ ఒక్కసారి కూడా తప్పలేదు.

టీ కొట్టు దగ్గర కంచె, చేను అన్నవాళ్ళు తలలొంచుకున్నారు. మావ జేమ్స్ చేతిలోంచి తన బిళ్ళ తీసుకున్నాడు. "మేమే కదా సెప్పినాం, కలిసి నొక్కీమని" అని తనలో తను అనుకున్నాడు. అక్కణ్ణుంచి అటే బస్సెక్కి గజపతినగరం వెళ్ళాడు. నాన్న కాళ్ళు పట్టుకోబోతే నాన్న లేపి పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించాడట. సాయంత్రానికి మావ ఒక్కడే తిరిగొచ్చాడు. "వత్తానన్నాడమ్మా" అని చెప్పాడు.

ఇంకో వారం చూసి నేనే బయల్దేరాను. అమ్మ తెల్లారే లేచి చేపల పులుసు, వంకాయ కూర, అన్నం మూడు గిన్నెల కేరేజీలో సర్దింది. "నాను కూడా రానేటే?" అని అడిగింది. మళ్ళీ తనే, "వద్దులే, ముందు నువ్వెల్లు" అంది.

కాటా గది చిన్నది. కిటికీ అవతల లారీలు వచ్చి పళ్ళెం మీద నిలబడతాయి, నాన్న బరువు చూసి చీటీ ఇస్తాడు. మనిషి చిక్కిపోయాడు. నన్ను చూసి మొహం విప్పారింది. తింటూ సర్వర్ గురించి అంతా చెప్పించుకున్నాడు. ఎక్కడా అడ్డు తగల్లేదు, ఒక్కసారిలోనే అర్థమైంది.

"ఇంక ఎవులికీ అన్నేయం జరగదు కదా?"

"జరగదు నాన్నా."

"ఉమాగోన్ని ఏటీ అనకండి. సిన్నోడు."

"ఇంటికొచ్చీ నాన్నా."

నాన్న పులుసులో ముద్ద కలిపాడు. "మీ మావ మీద నాకేటీ లేదమ్మా. ఆడి వంతు పోయింది, ఆడడిగినాడు. ఊరోల్లూ అడగాల, అడక్కపోతే సంఘమెందుకు?"

"మరి?"

"రోజూ ఇంటికొచ్చి మీ అమ్మకి సెప్పీవోన్ని. ఎవులి బిళ్ళ, ఎవులి లోడు, ఎవులు బతిమాలినారు, ఎవులు డబ్బిత్తామన్నారు, నానేటన్నాను, అన్నీ. ఇరవయ్యేళ్ళు సెప్పినాను. ఊరికి తెలీకపోయినా ఆవిడికి తెలుసు కదా అనుకునీవోన్ని."

"భయపడి అడిగింది నాన్నా. ఒక్కమాటే కదా."

"కోపం లేదే తల్లీ. వత్తాను. కాళ్ళు రాటంలేదు, అంతే."

బయట లారీ హారను కొట్టింది. నాన్న ఎడంచేత్తో చీటీ రాసిచ్చాడు. నాకు ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది, కిటికీలోంచి డ్రైవరు చూస్తున్నాడని ఊరుకున్నాను.

తిన్నాక నాన్న కేరేజీ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. "ఇంట్లో తోముకుంటాలే నాన్నా" అన్నాను. "ఉండనీ" అన్నాడు. మూడు గిన్నెలూ సబ్బు పెట్టి తోమి, తువ్వాలుతో తుడిచాడు. లోపలికి తీసుకెళ్ళి గొళ్ళెం బిగించి తెచ్చి నా చేతికిచ్చాడు. జీవితంలో ఒక్క గ్లాసు కడిగి ఎరగని మనిషి. ఒంటరిగా ఉండడంతో అలవాటైపోయిందనుకుని బస్సు దాకా బాధపడ్డాను.

అమ్మ వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. "తిన్నాడా?"

"అంతా తిన్నాడు."

"ఏటన్నాడు?"

"వస్తానన్నాడు."

అమ్మ మొహం కొంచెం తేటపడింది. కేరేజీ నాకివ్వకుండా తనే లోపలికి తీసుకెళ్ళింది. గొళ్ళెం తీసిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత కుళాయి చప్పుడు కోసం చూశాను, అది రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను.

అమ్మ నేలమీద కూర్చుని ఉంది. మూడు గిన్నెలూ ముందు పెట్టుకుంది, మూడూ మెరుస్తున్నాయి. ఆఖరి గిన్నె ఒళ్ళోకి తీసుకుని అందులోకి చూస్తోంది. నేను వంగి చూశాను.

అడుగున చిటికెడు పంచదార ఉంది.